తాడు లేని గోడ ముందు తొలి రోజు: ఇండోర్ బౌల్డరింగ్ మొదలుపెట్టేవారికి సమగ్ర మార్గదర్శి

నాలుగు, నాలుగున్నర మీటర్ల ఎత్తున్న గోడ, దానికి బిగించిన రంగురంగుల హోల్డ్‌లు (చేత్తో పట్టుకునే, కాలు మోపే ముక్కలు), నేల నిండా మందపాటి ఫోమ్ పరుపు ఉంటే ఇండోర్ బౌల్డరింగ్‌కు కావలసిన ఏర్పాటు పూర్తయినట్టే. నడుముకు తాడు ఉండదు, కింద నిలబడి ఆ తాడును పట్టుకునే మనిషీ ఉండడు. అందువల్ల ఒంటరిగా వెళ్లినవారు కూడా అరగంటలో ఎక్కడం మొదలుపెట్టగలరు. ఈ క్రీడలోని సౌలభ్యం అదే, అజాగ్రత్తగా ఉంటే ప్రమాదం వచ్చేదీ అక్కడి నుంచే.

మొదటిసారి వచ్చినవారిలో నేను తరచుగా చూసే పొరపాటు, పైకి చేరాలన్న తొందర. గోడ ముందు నిలబడగానే చూపు చివరి హోల్డ్ మీదికి పోతుంది, చేతులు బిగుసుకుంటాయి, కాళ్ల సంగతి మరుపున పడుతుంది. తొలి రోజు గట్టిగా నేర్చుకోవలసినవి రెండే అని నా అభిప్రాయం. మొదటిది దెబ్బ తగలకుండా కిందికి రావడం, రెండోది శరీరం బరువును చేతుల మీద నుంచి కాళ్ల మీదికి మార్చడం. ఈ రెండూ వంటబడితే ఎత్తు దానంతట అదే అందుతుంది కనుక, ఈ వ్యాసంలో ఎక్కువ చోటు వాటికే ఇచ్చాను.

మొదటి మెట్టు: ఇంటి దగ్గర చూసుకోవలసినవి

మోకాలు పైకెత్తినా, కాలు పక్కకు చాపినా పట్టెయ్యని, సాగే గుణమున్న ప్యాంటు వేసుకోండి. పొట్టి నిక్కర్లు వేసుకుంటే గోడకు రాసుకుని మోకాళ్లు గీరుకుపోతాయి. చున్నీ, వేలాడే తాళ్లున్న హుడీ ఇంట్లోనే ఉంచి రండి. చేతి గోళ్లు, కాలి గోళ్లు పొట్టిగా కత్తిరించుకోండి, ఎందుకంటే పొడవాటి చేతిగోరు హోల్డ్‌ను సరిగా పట్టుకోనివ్వదు, పొడవాటి కాలిగోరు బిగుతు బూటులో నొప్పి పెడుతుంది. తలకు నూనె పెట్టుకుని రావడం కూడా మంచిది కాదు. జుట్టు సవరించుకున్న ప్రతిసారీ ఆ జిడ్డు చేతికీ, చేతి నుంచి హోల్డ్‌కూ అంటి, మన తరువాత వచ్చే మనిషి జారిపోవడానికి కారణమవుతుంది.

ఆభరణాల విషయంలో మాత్రం ఏ మినహాయింపూ ఇచ్చుకోవద్దు. ఉంగరం హోల్డ్ అంచుకు చిక్కుకున్న క్షణంలో శరీరం కిందికి జారితే, మొత్తం బరువు ఆ ఒక్క వేలి మీద పడి, చర్మమూ కండా ఎముక నుంచి ఊడివచ్చేంత గాయం కాగలదు. గాజులు, కడియం, గొలుసు, వేలాడే చెవిపోగులు, చేతి గడియారం అన్నీ తీసేయండి. మెట్టెలతో క్లైంబింగ్ బూటు వేసుకోవడం దాదాపు అసాధ్యం. మంగళసూత్రం తీయడం ఇష్టం లేనివారు కనీసం దాన్ని ఒంటికి అతుక్కునే లోదుస్తు లోపల, బయటికి జారని విధంగా దోపుకోవాలి. అయినా తీసి ఇంట్లో భద్రపరచి రావడమే మేలని నేను చెబుతాను. జేబులో తాళంచెవులు, ఫోను ఉండకూడదు, పడినప్పుడు అవి తుంటిలోకి గుచ్చుకుంటాయి.

రెండు గంటల ముందు ఇడ్లీ, ఉప్మా వంటి తేలికపాటి ఆహారం తినండి. చీలమండ, మోకాలు, నడుము, భుజాల్లో పాత గాయాలున్నవారు, గర్భిణులు, ఎముకల బలహీనత ఉన్నవారు ముందుగా వైద్యులను అడగాలి. పరుపు ఎంత మెత్తనిదైనా మూడు మీటర్ల నుంచి పడడం పడడమే. జిమ్‌కు వెళ్లగానే ఒక అంగీకార పత్రం ఇస్తారు. చాలామంది దాన్ని చదవకుండానే సంతకం చేస్తారు గాని, ఆ జిమ్ నియమాలన్నీ అందులోనే ఉంటాయి కనుక రెండు నిమిషాలు వెచ్చించి చదవండి. పిల్లల తరఫున తల్లిదండ్రులు సంతకం చేయాలి.

రెండో మెట్టు: బూట్లు, చాక్

మొదటి రోజే బూట్లు కొనవద్దు. జిమ్‌లో అద్దెకు ఇస్తారు. క్లైంబింగ్ బూటు మామూలు బూటుకంటే బిగుతుగా ఉండాలి. కాలి వేళ్లు బూటు కొసను తాకాలి, మడమ దగ్గర ఖాళీ ఉండకూడదు, అయితే వేళ్లు ముడుచుకుపోయి నొప్పి పుట్టకూడదు. అనుభవజ్ఞులు కొందరు కొస వంగిన, చాలా బిగుతైన బూట్లు వాడతారు. వాటిని చూసి తొలి రోజే నొప్పి భరించాలనుకోవడం సరికాదు, పాదం నొప్పి పెడుతుంటే దాని మీద బరువు మోపడానికి మనసు ఒప్పుకోదు. అద్దె బూట్లకు పలుచని మేజోళ్లు వేసుకోవడం శుభ్రత రీత్యా మంచిది, కొన్ని జిమ్‌లు తప్పనిసరి కూడా చేస్తాయి. ఆ బూట్లతో మరుగుదొడ్డికి గాని, బయటి నేల మీదికి గాని వెళ్లవద్దు. దుమ్ము అంటిన రబ్బరు హోల్డ్ మీద నిలవదు.

చాక్ అనేది మెగ్నీషియం కార్బొనేట్ పొడి. బడిలో నల్లబల్ల మీద రాసే సుద్దముక్క దానికి బదులు కాదు. జిమ్నాస్టిక్స్‌లో వాడే ఈ పొడిని 1950లలో క్లైంబింగ్‌కు తెచ్చినవాడు అమెరికాకు చెందిన జాన్ గిల్. ఆయన గణితశాస్త్ర ఆచార్యుడిగా పనిచేశారు, ఆధునిక బౌల్డరింగ్‌కు ఆద్యుడిగా పేరు పొందారు. పొడి పని చెమటను పీల్చడం ఒక్కటే. విశాఖపట్నం, విజయవాడ వంటి చోట్ల ఉక్కపోతకు అలవాటైనవారికి అరచేయి ఎంత త్వరగా తడుస్తుందో వేరే చెప్పనక్కరలేదు. పలుచగా రాసుకుని, చేతులు దులుపుకోండి. మందంగా పూస్తే ఆ పొడి పొరే జారుడుకు కారణమవుతుంది. గాలిలో పొడి ఎగరకూడదని కొన్ని జిమ్‌లు ఆల్కహాల్ కలిసిన ద్రవ చాక్‌నే అనుమతిస్తాయి. దాన్ని రాసుకుని ఆరేవరకు ఆగాలి, చేతికి పగుళ్లుంటే మంటపుడుతుంది.

మూడో మెట్టు: ఒంటిని వేడెక్కించడం

పది పదిహేను నిమిషాలు దీనికి కేటాయించండి. రెండు మూడు నిమిషాలు చిన్నగా గెంతడం, భుజాలను పెద్ద వలయాలుగా తిప్పడం, మణికట్లు, చీలమండలు తిప్పడం, గుంజీళ్లు పది పదిహేను తీయడం, పిడికిలి మూసి తెరవడం ముప్పై సార్లు చేయడం చాలు. ఆ తరువాత గోడ మీద నేలకు అడుగు ఎత్తులోనే, ఏ రంగు హోల్డ్ అయినా పట్టుకుంటూ, అటూ ఇటూ పక్కకు నడవండి. వేళ్ల స్నాయువులు కండరాలకంటే నెమ్మదిగా భారానికి సిద్ధమవుతాయి, కాబట్టి ఈ పక్కనడకను తొందరలో వదిలేయకండి.

నాలుగో మెట్టు: పడడం నేర్చుకోవడం

బౌల్డరింగ్‌లో ప్రతి ప్రయత్నం పరుపు మీదనే ముగుస్తుంది. పైకి చేరినా, మధ్యలో జారినా కిందికి రావలసిందే. అందుకే ఎక్కకముందే పడడం సాధన చేయాలి.

ముందుగా పరుపు మీద నిలబడి, పాదాలను భుజాల వెడల్పున ఉంచి, మోకాళ్లు వంచి, కుర్చీలో కూర్చున్నట్టు కిందికి దిగి, పిరుదుల మీదుగా వీపు మీదికి దొర్లండి. గడ్డాన్ని ఛాతీకి ఆనించి ఉంచాలి, అప్పుడు తల వెనుకకు కొట్టుకోదు. చేతులు రెండూ ఛాతీ మీద మడిచి ఉండాలి. ఐదారు సార్లు ఇలా చేశాక, గోడ మీద అడుగు ఎత్తుకు ఎక్కి చేతులు వదిలి అదే విధంగా పడండి, తరువాత రెండడుగుల నుంచి, ఆపైన నడుమెత్తు నుంచి. రెండు పాదాలూ ఒకేసారి పరుపును తాకాలి. ఒంటికాలి మీద దిగితే చీలమండ మెలిపడుతుంది, మోకాళ్లు నిటారుగా బిగించి దిగితే ఆ దెబ్బ నేరుగా కీళ్లకూ వెన్నుకూ చేరుతుంది.

పడేటప్పుడు చేతిని వెనక్కి చాపి నేల మీద ఆనించుకోవాలనిపించడం సహజం. మెలకువగా మానుకోవలసింది ఆ సహజ స్పందననే. నేను ఎక్కడం మొదలుపెట్టిన తొలి నెలలో, మనిషి ఎత్తు కూడా లేని చోటు నుంచి జారి, కుడిచేతిని వెనక్కి చాపి పడ్డాను. మణికట్టు బెణికి మూడు వారాలు గోడకు దూరంగా ఉండవలసి వచ్చింది. ఆ పూట ఎవరైనా నా చేత పది సార్లు పడడం సాధన చేయించి ఉంటే ఆ మూడు వారాలు మిగిలేవి.

పడే తీరు గోడ వాలును బట్టి మారుతుంది. మన వైపు ముందుకు వాలిన గోడను ఓవర్‌హ్యాంగ్ అంటారు. దాని మీద నుంచి మనిషి వెల్లకిలా రాలతాడు కాబట్టి గడ్డం లోపలికి ఉంచడం అక్కడ మరీ ముఖ్యం. వెనక్కి వాలిన గోడను స్లాబ్ అంటారు. అది చూడడానికి తేలికగా కనిపిస్తుంది గాని, జారితే శరీరం గోడ వెంబడే రాసుకుంటూ దిగి మోకాళ్లు, గడ్డం, ముంజేతులు గీరుకుంటాయి. అక్కడ పాదం జారబోతోందని తెలిసిన క్షణమే గోడను అరచేతులతో కొంచెం నెట్టి వెనక్కి రావాలి. గోడ నుంచి పెట్టెల్లా పొడుచుకువచ్చే పెద్ద ఆకారాలను వాల్యూమ్‌లు అంటారు. వాటి పైన ఉన్నప్పుడు, ఇక్కడి నుంచి జారితే నా కాలు దేనికి తగులుతుంది అని ముందే చూసుకోండి.

చివరి హోల్డ్ అందిన సంతోషంలో అక్కడి నుంచి దూకవద్దు. పక్కనున్న పెద్ద హోల్డ్‌లను, అవి ఏ రంగువైనా సరే, పట్టుకుంటూ కనీసం సగం దూరం మెట్టు మెట్టుగా దిగి, కిందికి చూసి, ఎవరూ లేరని నిర్ధారించుకుని అప్పుడు వదలండి. స్నేహితులు కింద నిలబడి పట్టుకుంటామంటే వద్దనండి. ఇంత పరుపు ఉన్న చోట పడే మనిషికి అడ్డం వచ్చినవారికే ఎక్కువ దెబ్బ తగులుతుంది.

ఐదో మెట్టు: గోడను చదవడం

ఒక ఆరంభం నుంచి ఒక ముగింపు దాకా ఎక్కవలసిన దారిని ఈ క్రీడలో ప్రాబ్లమ్ అంటారు. ఆలోచించి విడదీయవలసింది కాబట్టి ఆ పేరు తగినదే. చాలా జిమ్‌లలో ఒక ప్రాబ్లమ్‌కు ఒకే రంగు హోల్డ్‌లు ఉంటాయి. ఆరంభ హోల్డ్‌ల పక్కన టేపు గాని, చీటీ గాని అంటించి ఉంటుంది. ఆ హోల్డ్‌లను చేతులతో పట్టుకుని, రెండు పాదాలూ నేల నుంచి లేచాక మొదలైనట్టు లెక్క. చివరి హోల్డ్‌ను రెండు చేతులతో అదుపులో పట్టుకుంటే పూర్తయినట్టు. ఆ మధ్యలో వేరే రంగు హోల్డ్‌ను చేతితో గాని కాలితో గాని వాడకూడదు. ఇదంతా ఆటలోని నియమమే తప్ప ప్రాణం మీదికి తెచ్చుకునే నియమం కాదు. భయమేస్తే ఏ రంగునైనా పట్టుకుని దిగండి.

కష్టం తెలిపే కొలమానాలు ముఖ్యంగా రెండు. ఒకటి పారిస్ దగ్గరి ఫాంటెన్‌బ్లో అడవిలోని ఇసుకరాతి బండల మీద పుట్టింది. రెండోది అమెరికాలో టెక్సస్ రాష్ట్రపు హ్యూకో ట్యాంక్స్ అనే బండల ప్రాంతంలో క్లైంబర్ జాన్ షెర్మన్ రూపొందించిన వీ కొలమానం, అది వీ0 నుంచి నేడు వీ17 దాకా సాగింది. అనేక జిమ్‌లు వీటికి బదులు తమ సొంత రంగుల వరుసను వాడుతాయి కాబట్టి అన్నిటికంటే సులువైన రంగు ఏదో కౌంటర్ దగ్గర అడగండి, తొలి రోజు దానితోనే ఉండండి. ఒక జిమ్‌లోని అంకె మరో జిమ్‌లోని అంకెతో సరిపోలదు కనుక అంకెల మీద పట్టుదల వద్దు.

హోల్డ్‌ల పేర్లు మూడు నాలుగు తెలిస్తే చాలు. బిందె అంచులా చేయి మొత్తం లోపలికి పట్టేది జగ్. వేలికొసలు మాత్రమే నిలిచే సన్నని అంచు క్రింప్. పట్టుకోవడానికి అంచే లేని గుండ్రని ఉబ్బు స్లోపర్. బొటనవేలు ఒకవైపు, మిగిలిన వేళ్లు మరోవైపు పెట్టి నొక్కిపట్టేది పించ్. మొదటి రోజు జగ్‌లున్న ప్రాబ్లమ్‌లను ఎంచుకోండి. చిన్న క్రింప్‌లను వేళ్లు బాగా మడిచి, బొటనవేలిని పైన వేసి బలంగా లాగడం అలవాటు లేని వేళ్లకు మంచిది కాదు.

ఎక్కే ముందు కింద నిలబడి, ఏ హోల్డ్‌కు ఏ చేయి, ఆ సమయంలో పాదాలు ఎక్కడ, అని చేతులు గాలిలో కదిలిస్తూ ఒకసారి పూర్తిగా ఊహించుకోండి. అనుభవజ్ఞులు కూడా ఇలాగే చేస్తారు, కాబట్టి సంకోచం అక్కరలేదు.

ఆరో మెట్టు: కాళ్లతో ఎక్కడం

తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుణ్ణి దగ్గర నుంచి చూసినవారికి ఈ భాగం సులువుగా బోధపడుతుంది. ఆయన చేతులు, మోకు కలిసి శరీరాన్ని మానుకు దగ్గరగా నిలబెడతాయి, పైకి లేపే పని కాళ్లది. బౌల్డరింగ్ గోడ మీద కూడా శ్రమ విభజన అదే. చేతుల కండరాలు చిన్నవి, తొడ కండరాలు పెద్దవి. నిలబడడం, కూర్చోవడం, మెట్లెక్కడం రోజంతా చేసే కాళ్లకు మన బరువు కొత్త కాదు.

పాదం మధ్యభాగాన్ని కాక, బొటనవేలి కింది అంచును హోల్డ్ మీద మోపండి. అప్పుడే పాదాన్ని తీయకుండా మడమను అటూ ఇటూ తిప్పి నడుము దిశ మార్చుకోగలరు. పాదం హోల్డ్‌ను తాకి నిలిచేదాకా దాని మీది నుంచి చూపు తిప్పవద్దు. కొత్తవారు చివరి క్షణంలో చూపు పైకెత్తుతారు, పాదం అంగుళం పక్కన పడుతుంది. టోక్యో, పారిస్ ఒలింపిక్స్ రెండింటిలోనూ మహిళల స్వర్ణం గెలిచిన స్లొవేనియా క్రీడాకారిణి యాన్యా గార్న్‌బ్రెట్ పోటీల వీడియోలు చూసేటప్పుడు, చేతులను వదిలేసి కాసేపు ఆమె పాదాలను మాత్రమే గమనించండి. ఒక పాదం ఎక్కడ ఆనితే తరువాతి కదలిక సాధ్యమైందో కనబడుతుంది.

హోల్డ్ పట్టుకున్నాక మోచేయి వంచి ఉంచడం మరో సాధారణ పొరపాటు. వంచిన చేయి నిలిచి ఉండడానికే కండరం బిగించాలి. చాచిన చేయి మీద వేలాడితే ఎముకలూ స్నాయువులూ చాలా భారం తీసుకుంటాయి. కాబట్టి చేతులు చాచి, మోకాళ్లు వంచి కిందికి కూర్చుని, పాదాలు సర్దుకుని, అప్పుడు కాళ్లు నిటారు చేస్తూ లేవండి. తరువాతి హోల్డ్ ముఖం దగ్గరికి వచ్చినప్పుడు చేయి చాపితే చాలు. నడుము గోడకు దూరంగా పోయేకొద్దీ బరువు వేళ్ల మీద పడుతుంది. గోడకు ఎదురుగా నిలబడి అందనిది, ఒక తుంటిని గోడకు ఆనించి పక్కకు తిరిగితే అందడం ఎన్నోసార్లు చూస్తారు.

ఒక చేయి చాపినప్పుడు శరీరం తలుపులా పక్కకు తిరిగిపోతుంటే, ఖాళీగా ఉన్న కాలిని హోల్డ్ మీద పెట్టాలని వెతకకుండా, గోడకు ఆనించి ఎదురు దిశలో చాపండి. దీన్ని ఫ్లాగింగ్ అంటారు. చాచిన ఆ కాలు త్రాసులో రెండో తట్టలా బరువును సరిచేస్తుంది.

వీటన్నిటినీ ఒకేసారి గుర్తుంచుకోవడం కష్టం. నేను కొత్తవారి చేత చేయించే సాధన ఒకటుంది. బాగా సులువైన ఒక ప్రాబ్లమ్‌ను ఎంచుకుని మూడుసార్లు ఎక్కండి. మొదటిసారి మీకు తోచినట్టు ఎక్కండి. రెండోసారి పాదం పెట్టినప్పుడు ఏ చప్పుడూ రాకుండా ఎక్కండి, చప్పుడైతే ఆ పాదాన్ని తీసి మళ్లీ పెట్టండి. మూడోసారి చేతులు వీలైనంత చాచి ఉంచి ఎక్కండి. మూడోసారి కింద దిగాక ముంజేతులు ఎంత తేలికగా ఉన్నాయో మొదటిసారితో పోల్చుకోండి. ఇరవై కొత్త ప్రాబ్లమ్‌లు తడబడుతూ ఎక్కడంకంటే ఈ ఒక్క సాధనే తొలి రోజుకు ఎక్కువ మేలు చేస్తుంది.

ఏడో మెట్టు: ఎప్పుడు ఆగాలో తెలుసుకోవడం

ముంజేయి గట్టిపడి రాయిలా తయారవడం, పిడికిలి సరిగా మూసుకోకపోవడం తొలి రోజు అందరికీ ఎదురవుతుంది. బిగుసుకున్న కండరం తనలోని రక్తనాళాలను తానే నొక్కివేయడం వల్ల రక్తప్రసారం తగ్గి ఈ స్థితి వస్తుంది. విశ్రాంతితో తగ్గిపోతుంది కాబట్టి, ప్రయత్నానికీ ప్రయత్నానికీ మధ్య మూడు నాలుగు నిమిషాలు కూర్చోండి. మొత్తం మీద గంట, గంటన్నర చాలు. కండరం అలసట వేరు, వేలి మొదట్లో సూదిలా పొడిచే నొప్పి వేరు. ఆ రెండోది వచ్చినా, వేలిలో ఏదో తెగినట్టు చప్పుడు వినిపించినా, ఆ రోజుకు అక్కడితో ఆపి, నొప్పి నిలిచి ఉంటే వైద్యులకు చూపించండి. అరచేతి చర్మం లేచిపోతే చేతులు కడుక్కుని, వేలాడే చర్మాన్ని శుభ్రమైన కత్తెరతో కత్తిరించి, కట్టు కట్టండి. టేపు చుట్టి ఇంకో అరగంట లాగడం వల్ల మానడానికి పట్టే కాలం పెరుగుతుందే తప్ప మరో ప్రయోజనం లేదు.

జిమ్‌లో మర్యాదలు

ఒకరు ఎక్కుతున్నప్పుడు వారి కింద నడవవద్దు, కూర్చోవద్దు. పరుపు మీద నీళ్ల సీసా, ఫోను, చాక్ సంచి పెట్టవద్దు. పిల్లలతో వచ్చినవారు ఈ రెండు నియమాలనూ వారికి లోపలికి అడుగుపెట్టకముందే చెప్పాలి, ఎందుకంటే పరుపును చూస్తే పిల్లలకు పరుగెత్తాలనిపిస్తుంది. మీ ప్రయత్నం అయ్యాక పక్కకు వచ్చి ఇంకొకరికి అవకాశం ఇవ్వండి. ప్రాబ్లమ్ విడదీసే ఉపాయాన్ని బీటా అంటారు. అడగనివారికి బీటా చెప్పకండి, మీకు కావాలంటే మాత్రం మొహమాటం లేకుండా అడగండి, చెప్పడానికి సంతోషించేవారే ఎక్కువ.

ఆ తరువాతి వారాలు

మొదట్లో వారానికి ఒకటి రెండుసార్లు, మధ్యలో కనీసం రెండు రోజుల విరామంతో వెళ్లడం మంచిది. కండరాలకు కొద్ది వారాల్లోనే బలం వస్తుంది, వేళ్ల స్నాయువులు గట్టిపడడానికి అంతకంటే చాలా ఎక్కువ కాలం కావాలి. గాయాలు ఎక్కువగా ఈ తేడాలోనే పుడతాయి. వేళ్ల బలం కోసం పట్టుకుని వేలాడేందుకు జిమ్ గోడకు బిగించిన చెక్క ఫింగర్‌బోర్డ్ జోలికి మొదటి ఏడాది వెళ్లవద్దు, ఎదిగే వయసు పిల్లలను అసలే వెళ్లనివ్వవద్దు, వారి వేలి ఎముకల్లోని పెరిగే భాగాలకు దెబ్బ తగిలే ప్రమాదం ఉంది. హైదరాబాద్ చుట్టుపక్కల గ్రానైట్ గుండ్లను, హంపిలోని బండలను చూసి మనసు లాగడం సహజమే, అవి ఎక్కడానికే పుట్టినట్టుంటాయి. కానీ అక్కడ నేల నిండా పరుపు ఉండదు. క్రాష్ ప్యాడ్‌లు అనే మోసుకెళ్లే పరుపులు, పడే మనిషిని ప్యాడ్ వైపు మళ్లించడం తెలిసిన తోడు, ఆ రాళ్లు తెలిసిన అనుభవజ్ఞులు లేకుండా వెళ్లవద్దు.

తొలి రోజు ఇంటికి బయలుదేరే ముందు, పూర్తి చేయలేకపోయిన ఒక ప్రాబ్లమ్‌ను ఫోటో తీసి, ఏ కదలిక దగ్గర ఆగిపోయారో, ఆ సమయంలో పాదాలు ఎక్కడున్నాయో రాసిపెట్టుకోండి. జిమ్‌లోని రూట్ సెట్టర్లు కొన్ని వారాలకొకసారి హోల్డ్‌లన్నీ విప్పి కొత్తవి బిగిస్తారు కాబట్టి, ఆ ప్రాబ్లమ్ గోడ మీద ఉండగానే, వారం పది రోజుల్లో మళ్లీ వెళ్లి, ఈసారి పాదాల చోటు మార్చి ప్రయత్నించండి.